దినానికొక ఉత్తరం, కొట్టివేతలతో సహా

మార్కాపురం,
9 జూన్ 2025, సోమవారం.
మొదలు: ఉదయం 7.10

గిద్దలూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద నలభై రెండు సంవత్సరాలుగా దస్తావేజులు రాస్తూ, జనం భూముల హద్దులు ఆ జనానికంటే బాగా తెలిసిన శ్రీ షేక్ అబ్బాస్ అలీ గారికి, వారి కూతురి కూతురు, వయసు 24 సంవత్సరాలు, బి.ఏ., మార్కాపురం కాపురస్తురాలు షేక్ షాయిస్తా మనఃపూర్వకంగా, అయితే పూర్తిగా బలవంతం మీద, రాసుకున్న ఉత్తరం ఏమనగా:

అస్సలాము అలైకుం నానా.

మొన్న బక్రీదుకు మీరు మా ఇంటికి వచ్చినారు, బిర్యానీ తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, తువ్వాలు భుజాన వేసుకుని తీర్పు చెప్పినారు. ‘పరీక్ష దాకా దినానికొక ఉత్తరం రాయి. చేత్తో. మొదలుపెట్టిన టైము పైన వెయ్యి, ముగించిన టైము కింద వెయ్యి. ఫోన్లో కుదరదు.’ అమ్మీ సంతోషంతో మీకు ఇంకో ముక్క వడ్డించింది. నన్ను ఎవరూ అడగలా.

మీరన్నది నిజమే అనుకోండి. పోయినసారి సర్కారు ఉద్యోగం పరీక్ష మెయిన్స్‌లో పదిహేను ప్రశ్నలకు నేను రాసింది పదకొండు. మిగిలిన నాలుగూ వచ్చు. వచ్చి కూడా వదిలేసి వచ్చినా. మూడో జవాబు ఏ మాటతో మొదలుపెడితే బాగుంటుందా అని ఇరవై నిమిషాలు ఫ్యాను చూసినా. చివర్లో పేపరు లాక్కున్నారు.

అబ్బా పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఒంటి మీద దుమ్ము కూడా దులుపుకోకుండా చెప్పినాడు: ‘మార్కులు అల్లా చేతిలో ఉంటాయి. తెల్ల కాగితం వదిలేసి రావడం నీ చేతిలో ఉంది. ఈసారి ఒక్క ప్రశ్న వదిలినా పరీక్షలు చాలు. వచ్చి ఫ్యాక్టరీలో కూర్చో.’ మా ఆఫీసు గది మీకు తెలుసు కదా నానా. ఒక కుర్చీ, ఒక క్యాలెండరు, ఊరంతా వినపడే రాయి కోత మిషను. ముసలిదాన్నయ్యేదాకా అక్కడ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఇది మాత్రం జోకు కాదు.

ఈ ఉత్తరానికి ఐదు కాగితాలు చించినా. ఇది ఆరోది.

మీ విధేయురాలు,
షాయిస్తా
ముగింపు: 9.25

*

గిద్దలూరు,
12 జూన్ 2025.

షాయిస్తా బేటీకి దువాలు.

ఉత్తరం అందింది. పంక్తులు 54. సమయం 135 నిమిషాలు. ఒక పంక్తికి రెండున్నర నిమిషాలు పట్టింది. అంత టైములో నేను రెండు దస్తావేజులు రాసి టీ తాగి వస్తా.

కాగితాలు చించొద్దు. స్టాంపు కాగితం మీద తప్పు పోతే మేము చించుతామా? ఒక్క గీత కొడతాం, పక్కన సరైన మాట రాస్తాం, ముందుకు పోతాం. ఆఖర్లో ‘ఇందులో కొట్టివేతలు ఇన్ని’ అని ఒప్పుకుని సంతకం పెడతాం. ఒప్పుకున్న తప్పుతో దస్తావేజు చెల్లుతుంది. చించిన కాగితం ఎందుకూ చెల్లదు. రేపటి నుంచి నువ్వూ అట్లనే రాయి.

ఈ ఉత్తరంలో కొట్టివేత ఒకటి. రెండో పంక్తిలో ‘మొద్దు’ అని రాసి కొట్టివేయడమైనది.

అబ్బాస్ అలీ

*

మార్కాపురం,
21 జూన్ 2025, శనివారం.
మొదలు: ఉదయం 6.40

పంక్తుల లెక్కలో ఆరితేరిన నానా గారికి సలాం.

ఇది పదమూడో ఉత్తరం. కాగితాలు చించడం మానేసినా. దాని బదులు గోళ్ళు కొరుకుతున్నా. ఒక మాట కొట్టేసి ముందుకు పోవడమంటే ఎంత కష్టమో మీకు తెలియదు. ఆ గీత కింద నుంచి ఆ తప్పు నన్నే చూస్తూ ఉంటుంది, పెళ్ళికి పిలవని చుట్టం మాదిరి.

మీ పుణ్యాన పోస్టాఫీసులో నాకు పేరు వచ్చింది. కౌంటర్లో నాగజ్యోతి అక్క నిన్న కవరు తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

‘ఎవరమ్మా ఈ అబ్బాస్ అలీ? దినానికొక ఉత్తరం!’

‘గిద్దలూరాయన అక్కా. చాలా స్ట్రిక్టు. గడ్డం ఉంటుంది. భూముల లైను.’

‘ఇంట్లో తెలుసా?’

‘అమ్మీకి పుట్టినప్పట్నుంచి తెలుసు.’

అక్క స్టాంపు మీద ముద్ర రెండుసార్లు కొట్టింది. నేను ఇంకేమీ చెప్పలా. మీరు కూడా చెప్పొద్దు. ఊళ్ళో వాళ్ళకు కూడా ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా.

నానా, ఒక ఫిర్యాదు. పన్నెండు ఉత్తరాలు రాసినా. అమ్మీ మోకాలి నొప్పి గురించి రాసినా, తమ్ముడు రఫీ మీసాల గురించి రాసినా, మీ షెడ్డు పక్కన చెంచయ్య మామ పోసే టీ కంభం చెరువు నీళ్ళు కాచి వడబోసినట్టు ఉంటుందని రాసినా. మీ దగ్గర నుంచి వచ్చేది పంక్తులు ఇన్ని, నిమిషాలు ఇన్ని. అసలు చదువుతున్నారా, స్కేలు పెట్టి కొలుస్తున్నారా?

కొలతకు నోచుకున్న మనవరాలు,
షాయిస్తా
ముగింపు: 7.50. కొట్టివేతలు: పందొమ్మిది. అన్నీ నావే.

*

గిద్దలూరు,
26 జూన్ 2025.

షాయిస్తా బేటీకి దువాలు.

21వ తేదీ ఉత్తరం పంక్తులు 58, నిమిషాలు 70. నయం.

దస్తావేజులో మేము హద్దులు తేల్చుకోకుండా కలం పట్టం. తూర్పు ఏంది, పడమర ఏంది, దక్షిణం, ఉత్తరం. నాలుగూ తెలిస్తే మధ్యలో భూమి ఎక్కడికీ పోదు. నువ్వు జవాబు మొదలుపెట్టే ముందు మార్జిన్లో నాలుగు మాటలు వేసుకో. ఫ్యాను చూడాల్సిన పని ఉండదు.

రాయడానికి ఏమీ తోచలేదంటే దస్తావేజు రాయి. చెయ్యి ఆడుతూ ఉండాలి.

చెంచయ్య టీ గురించి ఇంక రాయొద్దు. రెండు దినాలు నాకు టీ పోయలేదు.

అబ్బాస్ అలీ

*

మార్కాపురం,
3 జూలై 2025, గురువారం.
మొదలు: ఉదయం 6.30

నానా గారికి సలాం.

మొదట ఒక సందేహం. మీకు రాసిన ఉత్తరంలో సంగతి చెంచయ్య మామకు ఎట్ల తెలిసింది?

ఇక ఈ దినం నాకు నిజంగానే ఏమీ తోచలా. ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారు, దాంతో రాయడానికి ఏమీ లేకుండా పోయింది. కాబట్టి మీ ఆజ్ఞ ప్రకారం:

దాన దస్తావేజు. షేక్ షాయిస్తా అను నేను, నా తమ్ముడు షేక్ రఫీ, వయసు 19, డిగ్రీ రెండో సంవత్సరం, అతనికి నా యందు గల ప్రేమాభిమానాలకు (కంటికి కనపడనివి) సంతోషించి, నా స్వాధీన అనుభవంలో ఉన్న ఎర్ర రంగు స్కూటీని ఎవరి బలవంతమూ లేకుండా సర్వహక్కులతో ఇచ్చివేసినాను. హద్దులు: తూర్పున పగిలిన అద్దం. పడమర అబ్బా వేయించిన పెద్ద హారన్. దక్షిణాన రఫీ స్వయంగా గోడకు కొట్టి పోగొట్టిన ఇండికేటర్. ఉత్తరాన ఎప్పుడూ ఖాళీగా ఉండే పెట్రోలు ట్యాంకు. ఈ నాలుగు హద్దుల మధ్య గల బండిని అతడు తన ఇష్టం వచ్చినట్టు అనుభవించవచ్చును. దీని మీద నాకు గానీ నా వారసులకు గానీ ఇకపై ఎట్టి హక్కూ లేదు. ఇది నా సమ్మతిన రాసి ఇచ్చిన దాన దస్తావేజు.

ఎట్ల ఉంది? నవ్వు రాకపోతే చెంచయ్య మామకు చూపించండి, ఎట్లాగూ ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి.

సం/- షేక్ షాయిస్తా
ముగింపు: 7.18. కొట్టివేతలు: ఆరు.

*

గిద్దలూరు,
6 జూలై 2025.

షాయిస్తా బేటీకి దువాలు.

పంక్తులు 57, నిమిషాలు 48.

దస్తావేజు బాగా కుదిరింది. భాషలో లోపం లేదు, హద్దులు స్పష్టంగా ఉన్నాయి. పీర్ల పండక్కి రఫీ ఇక్కడికి వచ్చినాడు కాబట్టి అతనికి చదివి వినిపించి అందజేసినా. తీసుకున్నట్టు సంతకం పెట్టినాడు. సాక్షులుగా నేనూ, చెంచయ్యా పెట్టినాం. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇచ్చి పంపుతున్నా.

అబ్బాస్ అలీ

*

మార్కాపురం,
7 జూలై 2025, సోమవారం.
మొదలు: సాయంత్రం 6.10

నానా ఇది అన్యాయం. అది జోకు. జోకు అని ఊళ్ళో కుక్కకు కూడా అర్థమవుతుంది, హద్దుల్లో పగిలిన అద్దం రాస్తే అది జోకు కాకుండా ఇంకేమవుతుంది? నిన్న సాయంత్రం మీ మనవడు బస్సు దిగి, షర్టు జేబులోంచి కాగితం తీసి, హాల్లో నిలబడి అందరి ముందరా చదివినాడు. అమ్మీ నవ్వలేక నేల మీద కూర్చుంది. అబ్బా కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి ‘సాక్షి సంతకాలు కూడా ఉన్నాయే’ అన్నాడు, తాళం చెవి తీసి వాడికి ఇచ్చినాడు! ఈ దినం పొద్దున వాడు నా బండి మీద, నా హెల్మెట్టు పెట్టుకుని, నా ముందే కాలేజీకి పోయినాడు, నేను ఎండలో నడుచుకుంటూ లైబ్రరీకి పోయినా. తర్లుపాడు రోడ్డు మీద వాడే ఎదురొచ్చి హారన్ కొట్టినాడు. పడమర హద్దు!

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. రఫీ చెప్పినాడు, నా ఉత్తరం చెంచయ్య మామ చేతిలో ఉందట, ఆయన అమ్మే బజ్జీల ప్లేటు పక్కన, నూనె మరకలతో. ఇప్పుడు తెలిసింది ఆయనకు టీ సంగతి ఎట్ల తెలిసిందో. నేను దినం పొద్దున లేచి గోళ్ళు కొరుక్కుని, మెడ పట్టేసేదాకా కూర్చుని రాసేది మిరపకాయ బజ్జీలకు పొట్లాలు కట్టడానికా? పంక్తులు లెక్కపెట్టుకున్న తర్వాత ఇంక దాంతో పని లేదా? అట్లయితే ముందే చెప్పండి, పాత పేపర్లు పంపిస్తా, అవి ఇంకా పెద్దవి, రెండేసి బజ్జీలు పడతాయి. నేను నవ్వుతూనే రాస్తున్నా అనుకోవద్దు. నాకు నిజంగానే బాధ అయింది. మీరు తప్ప ఎవరూ చదవరని ఎన్నో రాసినా. పరీక్ష అంటే భయమని కూడా రాసినా.

షాయిస్తా
ముగింపు: 6.25. కొట్టివేతలు లెక్కపెట్టే ఓపిక లేదు.

*

గిద్దలూరు,
10 జూలై 2025.

షాయిస్తా బేటీకి దువాలు.

పంక్తులు 60. సమయం 15 నిమిషాలు. నిమిషానికి నాలుగు పంక్తులు.

నువ్వు వేసిన టైము నువ్వు చూసుకున్నావా? నేను రెండుసార్లు చూసి, మళ్ళీ లెక్కపెట్టినా. కొట్టివేతలు నేనే లెక్కపెట్టినా, మూడే ఉన్నాయి. అక్షరం కుదురుగానే ఉంది, అన్నీ చదవడానికి వచ్చినాయి. చెప్పాల్సింది ఏందో నీకు ముందే తెలుసు, ఏ మాట అందంగా ఉంటుందా అని ఎక్కడా ఆగలేదు. పరీక్షలో కోపం అక్కర్లేదు. ఆ ఆగకపోవడం కావాలి. నీ చెయ్యి నిదానం కాదు బేటీ. నువ్వే దాన్ని పట్టుకుని ఆపుతున్నావు.

స్కూటీ సంగతి. దానం ఇచ్చినవాళ్ళు ఒక్కరే రద్దు చేసుకోవడం కుదరదు. తీసుకున్నవాళ్ళ సంతకం కూడా కావాలి. రఫీతో మాట్లాడుకో.

బజ్జీల సంగతి తీరిగ్గా చెప్తా.

అబ్బాస్ అలీ

*

మార్కాపురం,
29 జూలై 2025, మంగళవారం.
మొదలు: ఉదయం 6.00

నానా గారికి సలాం.

రద్దు దస్తావేజు మీద రఫీ నిన్న సంతకం పెట్టినాడు. ఉచితంగా కాదు. వాడి బాటనీ రికార్డులు మూడు నేను రాసిపెట్టాలని షరతు. ‘ఆపా, నీకు ప్రాక్టీసు, నాకు మార్కులు’ అన్నాడు. సిగ్గు అనేది ఆ పిల్లోడికి పుట్టుకతో రాలేదు. మూడు వారాల్లో మొక్కల వేర్ల గురించి, కాండాల గురించి నూట పది పేజీలు రాసినా. ఇప్పుడు ఒక పేజీకి పదకొండు నిమిషాలు పడుతుంది. తంగేడు పువ్వు భాగాలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా, పరీక్షలో మాత్రం అవి రావు.

మీరు చెప్పినట్టు నాలుగు హద్దులు వేసుకుని జవాబులు రాస్తున్నా. మొదటి మాట ఎట్ల ఉన్నా సరే అని మొదలుపెడుతున్నా. మొదటి మాట చాలాసార్లు చెత్తగా ఉంటుంది. మూడో పంక్తికి వచ్చేసరికి దాన్ని నేనే మరిచిపోతున్నా.

మొన్న అబ్బా వచ్చి నా వెనకాల చాలాసేపు నిలబడినాడు. నేను రాస్తూనే ఉన్నా, తల ఎత్తలా. మరుసటి దినం ఫ్యాక్టరీ నుంచి ఒక పెద్ద పలకరాయి తెచ్చినాడు, నాలుగంచులూ నున్నగా రుద్ది. నా బల్ల మీద పరిచి, ‘దీని మీద పెట్టుకుని రాయి, చెయ్యి చల్లగా ఉంటుంది’ అన్నాడు. ఆ అంచులు రుద్దడానికి ఒక పూట పట్టి ఉంటుంది నానా. ఫ్యాక్టరీలో కూర్చోమని బెదిరించిన మనిషి చేసిన పని ఇది.

బజ్జీల సంగతి మీరు ఇంకా చెప్పలా. నేను అడగను. ఉత్తరాలు మాత్రం పొట్లానికి సరిపోయే సైజులో రాస్తున్నా, ఎవరికో ఒకరికి పనికి రావాలి కదా.

షాయిస్తా
ముగింపు: 6.17. కొట్టివేతలు: నాలుగు.

*

గిద్దలూరు,
12 ఆగస్టు 2025.

షాయిస్తా బేటీకి దువాలు.

ఈ ఆదివారం పరీక్ష కాబట్టి ఇంక నాకు రాయొద్దు. చేతికి విశ్రాంతి ఇవ్వు. ఒకే రకం పెన్నులు నాలుగు తీసుకుపో, కొత్తవి వద్దు, రాసి మెత్తబడినవి. నీళ్ళు తాగు. పక్కన పిల్ల ఎన్ని పేజీలు రాసిందో చూడొద్దు.

నేను ఆ మూడు గంటలు నమాజు చాప మీద ఉంటా.

అబ్బాస్ అలీ

*

మార్కాపురం,
18 ఆగస్టు 2025, సోమవారం.

నానా,

పదిహేనూ రాసినా.

మళ్ళీ రాస్తున్నా, నాకే నమ్మకం కలగడానికి. పదిహేనుకు పదిహేనూ రాసినా.

ఒంగోలులో మా హాలు మూడో అంతస్తు. ఏడో ప్రశ్న దాకా రైలు మాదిరి పోయినా. ఎనిమిదో దాంట్లో అర పేజీ రాసినాక తెలిసింది, నేను వేరే ప్రశ్నకు జవాబు రాస్తున్నానని. పోయినసారి అయితే అక్కడే ఏడుపు మొదలయ్యేది. కళ్ళు మసకబారినాయి, అది ఒప్పుకుంటా. తర్వాత స్కేలు కూడా తీసుకోకుండా ఆ అర పేజీకి అడ్డంగా ఒక్క గీత కొట్టినా. మార్జిన్లో నాలుగు మాటలు వేసుకున్నా. కిందనే మళ్ళీ మొదలుపెట్టినా. అంతే నానా. ఏమీ కాలేదు. ఎవరూ వచ్చి అరవలా.

పదిహేనోది ముగించి తల ఎత్తితే గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాలు ఉన్నాయి. పరీక్ష హాల్లో తొమ్మిది నిమిషాలు మిగలడం నాకు కొత్త, ఆ టైముతో ఏం చెయ్యాలో తెలియలా. పెన్ను మూత పెట్టినా. తీసినా. మళ్ళీ పెట్టినా. హాలు చూసుకునే మేడం దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు: ‘ఇంకా టైముందమ్మా, రాసుకో.’

‘అయిపోయింది మేడం’ అన్నా.

ఈ మాట నేను జీవితంలో ఏ పరీక్షలోనూ అనలేదు.

గేటు బయట అబ్బా వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. ‘ఎన్ని వదిలినావు?’ అని అడిగినాడు. ‘ఏమీ వదల్లా’ అన్నా. ‘ఒక్కటి కూడా?’ ‘ఒక్కటి కూడా.’ ఆయన పక్కకు తిరిగి, పోయి రెండు చెరుకు రసాలు తెచ్చినాడు, తన గ్లాసు కూడా నాకే ఇచ్చినాడు. బస్సు పొదిలి దాటినాక కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: ‘వచ్చే ఏడు కూడా రాయాల్సి వస్తే రాయి.’

ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియదు. వదిలేసి రాలేదు, నాకు ఇప్పటికి అది చాలు.

నానా, నిన్నటి నుంచి మీకు ఒక్క మాట రాయాలని చూస్తున్నా. ఎగతాళిగా రాస్తే బాగుండదు. దస్తావేజు మాదిరి రాస్తే మీరు సాక్షి సంతకం పెట్టి ఎవరికో ఇచ్చేస్తారు. మామూలుగా రాయడం నాకు అలవాటు లేదు. అయినా రాస్తున్నా. మీరు లేకపోతే నేను ఇంకా ఆ ఫ్యాను కిందనే కూర్చుని ఉండేదాన్ని. నా ఉత్తరాలు మీరు చదివినా చదవకపోయినా, పంక్తులు లెక్కపెట్టడానికి అయినా దినం ఒక మనిషి నా కోసం కూర్చున్నాడు. మీకు నేను చాలా రుణపడి ఉన్నా.

మీ
షాయిస్తా

*

గిద్దలూరు,
28 ఆగస్టు 2025.

షాయిస్తా బేటీకి, మీ నానా దువాలు.

నీ ఉత్తరం వచ్చి వారం అయింది. ఏం రాయాలో తోచక ఆలస్యం చేసినా. జనం చెప్పింది రాయడమే నాకు అలవాటు, నా మాట నేను రాయడం రాదు. ముందు బజ్జీల సంగతి చెప్తా.

నీ మూడో ఉత్తరం వచ్చిన దినం షెడ్డు కింద ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఆఫీసులో సర్వరు పని చెయ్యలేదు, రిజిస్ట్రేషన్లు ఆగినాయి. అన్నదమ్ములు ఇద్దరు, భాగాలు పంచుకోవడానికి వచ్చినవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నేను నీ ఉత్తరం చదువుకుంటూ నవ్వినా. చెంచయ్య ‘ఏంది సాయిబూ, ఒక్కడివే నవ్వుతున్నావు’ అన్నాడు. గట్టిగా చదివినా. ఆ అన్నదమ్ములు ఇద్దరూ నవ్వినారు. అప్పటి నుంచి పోస్టు వచ్చే వేళకు చెంచయ్య పొయ్యి మంట తగ్గించి వచ్చి నిలబడేవాడు. నాకు చూపు తగ్గింది కదా, చిన్న అక్షరాలు వచ్చిన చోట అతనే తీసుకుని చదివేవాడు. అతని చేతికి నూనె ఉంటుంది. రఫీ చూసింది అదే. అన్ని ఉత్తరాలూ నా పెట్టెలో వరసగా ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. నీకు భయమని రాసిన ముక్కలు నేను ఎవరికీ చదవలేదు. అవి దాటించి చదివినా.

జవాబుల్లో ఆ సంగతులు ఎందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు మమ్మల్ని నవ్వించడానికి ఆగి ఆగి రాస్తావని భయపడినా. అందుకని లెక్కలే రాసినా. నీకు బాధ అవుతుందని అనుకోలేదు. తప్పు నాదే.

నువ్వు రుణం అని రాసినావు. నలభై రెండేళ్ళు ఈ షెడ్డు కింద ఊరందరి కాగితాలూ రాసినా. అన్నీ తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే. నాకంటూ ఒక కాగితం వచ్చింది లేదు. ఈ ఎండాకాలం చివర నుంచి అరవై నాలుగు వచ్చినాయి. పోస్టుమ్యాన్ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు. అల్లా నీకు మేలు చెయ్యనీ.

పరీక్ష అయిపోయిందని నువ్వు ఆపేసినావు. చెంచయ్య వారం దినాల నుంచి పదకొండు గంటలకు వచ్చి, నా మొహం చూసి, పోతున్నాడు. ఇప్పుడు దినానికొకటి అక్కర్లేదు. టైము వెయ్యొద్దు. వారానికి ఒకటి రాయి చాలు.

మంగళవారం నాడు ఎవరూ రిజిస్ట్రేషను పెట్టుకోరు, షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ దినానికి అందేటట్టు పోస్టు చెయ్యి.

అబ్బాస్ అలీ